పదిహేడు ఒకట్లు

కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారికి చూపు పోయింది గానీ నోరు పోలేదు. పదిహేడు ఒకట్లు పక్కపక్కన రాస్తే వచ్చే సంఖ్య ఆయనకు పట్టిన పిచ్చి. ఒకటీ, ఆ సంఖ్యా కాకుండా దాన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్య ఇంకొక్కటైనా దొరకాలి, అదీ చేత్తో చేసిన లెక్కలోనే దొరకాలి. కంప్యూటర్ పేరెత్తితే మండిపడేవాడు. అలాంటి సంఖ్యంటూ ఉంటే దాన్ని ముప్పై నాలుగుతో భాగించినప్పుడు ఒకటే మిగలాలని ఆయనకు తెలుసు. అందుకే ముప్పై నాలుగేసి కలుపుకుంటూ, పనికిరానివి మనసులోనే ఏరిపారేస్తూ, ఒక్కో సంఖ్యా పైకి చెప్పేవాడు. గోడకున్న నల్లబల్ల మీద భాగహారం చేసి ఎంత మిగిలిందో చెప్పే చాకిరీ భార్యది.

ఆమె కూడా లెక్కల్లోనే డిగ్రీ చేసింది. ఆ సంగతి ఆయన పెళ్లినాడే మర్చిపోయాడు. తోటి లెక్చరర్లు భోజనానికొచ్చిన రోజు ఆమె ఆ సంఖ్య గురించి ఏదో చెప్పబోతే, "దీనికి కూరలో ఉప్పెంతో తెలీదు, నా సంఖ్య సంగతి చెబుతుందట!" అని విరగబడి నవ్వాడు. వాళ్లూ నవ్వారు. ఆమె గ్లాసుల్లో నీళ్లు పోసి లోపలికెళ్లిపోయింది.

"అన్నయ్యకి కళ్లూ చేతులూ మా వదినే. దేవతండీ!" అని ఆడపడుచు అందరికీ చాటేది. దేవత వింటూ ఊరుకునేది.

ఒక మధ్యాహ్నం ఆయన "ఇరవై లక్షల డెబ్బై ఒక వేల ఏడు వందల ఇరవై మూడు" అన్నాడు. ఆమె భాగించుకుంటూ పోయింది. చివర సున్నా వచ్చింది. మళ్లీ చేసింది. మళ్లీ సున్నానే.

"ఏం, నిద్రపోయావా? ఎంత మిగిలింది?"

నిజం నోటిదాకా వచ్చింది. చెబితే ఈయన ఎగిరి గంతేస్తాడు, పేపర్లో ఫొటో పడుతుంది, సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఎవరిదని ఒక్కడూ అడగడు.

"నలభై ఒకటండీ," అంది.

"ఏడ్చినట్టే ఉంది. తర్వాతది రాయి."

ఆమె బల్ల తుడిచేసింది. ఆ తర్వాత మరి ఒక్క భాగహారమూ చెయ్యలేదు. సుద్దముక్కతో బల్ల మీద కాసేపు టకటకలాడించి, కూరగాయలు తరుక్కుంటూ నోటికొచ్చిన అంకె చెప్పేది. కాపురానికొచ్చాక ఆమె అంత హాయిగా ఎన్నడూ లేదు.

అలా ఆరేళ్లు గడిచాయి. చెప్పీ చెప్పీ ఆయన గొంతు బొంగురుపోయింది. ఒకరోజు చెప్పడం ఆపేసి గోడవైపు తిరిగి ఏడ్చాడు.

"నా వల్ల కాదే. ఈ సంఖ్య దేనికీ విరగదు. నీ బతుకూ నాశనం చేశాను. ఆపేద్దాం."

పెళ్లయ్యాక ఆయన నోట ఆమె విన్న మొదటి మంచిమాట అది. జాలి కలగాల్సింది. కలగలేదు సరికదా, ఒళ్లు మండింది. ఇంత తేలిగ్గా బయటపడతాడా?

"విరిగిందండీ," అంది. "ఎప్పుడో ఆరేళ్ల కిందటే విరిగింది. ఆ సంఖ్య మీరే అన్నారు. నేనే చెప్పలేదు."

ఆయన చేతులు ఆమె కోసం గాల్లో తడుముకున్నాయి. "ఏదే? ఏ సంఖ్య? నీ కాళ్లు పట్టుకుంటా, చెప్పవే!"

ఏడంకెలూ ఆమె నాలుక చివరే ఉన్నాయి.

"మొదట్నుంచీ మళ్లీ చెప్పుకుంటూ రండి. అది వచ్చినప్పుడు చెబుతాను."

ఆయన ఆమె గొంతు వినిపించిన వైపు తిరిగి మొట్టమొదటి సంఖ్య అందుకున్నాడు.

"నూట మూడు."

"కాదండీ," అంది ఆమె, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటూ.