బిరుటమ్మ అట్లు

మా ఊరి ఆసుపత్రిలో బిరుటమ్మ అని ఒక నర్సమ్మ ఉండేది. ఆసుపత్రి అంటే కెనడా మిషను వాళ్లు కట్టిన రెండు గదులు, ఒక వరండా, వెనకాల ఆవిడ ఉండే చిన్న ఇల్లు. ఆవిడ అసలు పేరు బిరుటె. మా వాళ్లు చివర అమ్మని తగిలించారు. లిథువేనియా అనే దేశం ఆవిడది. యుద్ధం రోజుల్లో, ఇరవయ్యేళ్ల వయసులో, కట్టుబట్టలతో పారిపోయి కెనడా చేరిందట. తరవాత ఆ దేశం రష్యాలో కలిసిపోయింది. తల్లి అక్కడే ఉండిపోయింది. ఆ తల్లి పోయిన కబురు కూడా ఏడాది తిరిగాక ఉత్తరంలో తెలిసింది.

నా పెళ్లాం జగ్గమ్మకి మొదటి కాన్పు కష్టమైనప్పుడు బిరుటమ్మ రెండు రోజులు మంచం దగ్గర నుంచి కదల్లేదు. బిడ్డ దక్కలేదు, జగ్గమ్మ దక్కింది. మూడు వారాలు ఆ వరండాలోనే పడుకుంది. లేచి తిరగగలిగిన రోజు నుంచి ఆవిడకి వంట చేసి పెట్టడం మొదలెట్టింది. ఏడేళ్లు పెట్టింది. మాకు మళ్లీ పిల్లలు పుట్టలేదు.

ఏడాదికి ఒకసారి, వానలు వెనకపట్టాక, బిరుటమ్మ తనే పొయ్యి దగ్గర కూర్చునేది. మైదాపిండిలో గుడ్లు కొట్టి, పెరుగూ పంచదారా వేసి గరిటెజారుగా కలిపి, అందులో జామకాయ తురిమి వేసేది. అరచేతంత అట్లు పోసి, రెండు వైపులా ఎర్రగా కాల్చి, మీద మీగడ వేసుకుని ఒక్క ముక్క తినేది. "కాదు, జగ్గమ్మా" అనేది. ఒక ఏడు బొప్పాయి వేసింది, ఒక ఏడు అనాస. ఏది వేసినా అదే మాట. వాళ్లమ్మ ఆపిల్ పళ్లతో పోసేదట. మిగిలిన అట్లు మేము తినేవాళ్లం. మాకు బాగానే ఉండేవి.

అరవై ఎనిమిదో సంవత్సరం కార్తీకంలో ఆవిడ గొంతు బొంగురుపోయింది. అన్నం దిగేది కాదు. పరీక్షలకి విశాఖపట్నం రమ్మని అక్కడి డాక్టర్లు రాశారు. నౌపడ స్టేషను దాకా నా ఎడ్లబండి మీదే తీసుకెళ్లాను. రైలు ఆలస్యం. ఆవిడ ప్లాట్‌ఫారం మీద పెట్టె వేసుకుని కూర్చుని, ఆ గొంతుతోనే మాట్లాడుతోంది. నా దగ్గర అందరూ అలాగే మాట్లాడతారు, నేను అడ్డు తగలను గనక.

"మా ఇంట్లో అటక నిండా ఆపిల్ పళ్లే, అప్పలసూరీ. మాయమ్మ ఆటిని సెక్రాల్లాగ కోసి, దారానికి గుచ్చి, పొయ్యి మీద ఏలాడదీసీది. ఉప్పు నేదు, ఏటీ నేదు. ఉత్తినే ఎండిపోయేవి. సలికాలంలో నానబెట్టి అట్లు పోసీది."

మా మాటే మాట్లాడేది ఆవిడ. మా దగ్గరే నేర్చుకుంది మరి.

"ఊఁ" అన్నాను.

"ఒక్కసారి ఆ అట్టు తింటే సాలు. పోయినా పరవానేదు."

"అలాగనకండి" అన్నాను.

ఇంటికొచ్చి జగ్గమ్మతో, ఆవిడకి ఆపిల్ అట్టు తినాలని ఉందట అన్నాను. అంతవరకే చెప్పాను. దారం సంగతీ, పొయ్యి సంగతీ ఆడవాళ్ల గొడవ, నాకెందుకనుకున్నాను.

"అయితే ఎల్లి తే మావా" అంది జగ్గమ్మ.

"ఎక్కడ దొరుకుతాయే?"

"ఇజీనారంలో దొరకవేటి? రాజులేలిన ఊరు! గురువారం ఒచ్చేస్తానంది కదా, అప్పటికి పళ్లుండాల. సచ్చేదాకా జామకాయే తినాలేటి ఆ మనిసి?"

మర్నాడే వెళ్లాను. విజయనగరం స్టేషను బయట పళ్ల దుకాణంలో, పలచటి కాగితాల్లో చుట్టి, ఆరు పళ్లున్నాయి. ఆరూ తీసుకుని పాసింజరులో ఒళ్లో పెట్టుకుని వచ్చాను. పెట్టెలో ఉన్నవాళ్లంతా మా ఇంట్లో రోగి ఎవరని అడిగారు. జగ్గమ్మ వాటిని గడ్డిలో పెట్టి, రోజుకోసారి తీసి వాసన చూసి మళ్లీ పెట్టేది.

గురువారం వస్తానన్న బిరుటమ్మ రాలేదు. ఇంకో గురువారం కూడా పోయింది. ఈలోగా మా వరి కోతకి వచ్చింది.

పదిహేనో రోజు సాయంత్రం పొలం నుంచి వచ్చేసరికి వాకిట్లో తాటాకు చాప పరిచి ఉంది. దాని మీద ఆపిల్ ముక్కలు. తొక్కతో సహా, మాగాయకి తరిగినట్టు తరిగి, ఉప్పు పట్టించి ఆరబోసింది. ఊరి, నీరు కారుతున్నాయి. మాది ఉప్పుమడుల పక్క ఊరు. ఏది నిలవుండాలన్నా మా ఆడవాళ్ల చెయ్యి ముందు ఉప్పు కుండలోకే పోతుంది. చేపకీ అంతే, మామిడికాయకీ అంతే.

పక్కింటి గురమ్మ గోడ మీంచి తొంగి చూస్తోంది. "ఏటే జగ్గమ్మా, దొరల మావిడికాయలా? కారం ఎప్పుడు కలుపుతావు?"

"నీ నోట్లో కలుపుతాను. ఎల్లి నీ పని సూసుకో."

"సూడు బావా, నీ పెళ్లాం పొద్దున్నుంచీ కాకులు తోలుతన్నాది. నీకీ పూట కూడు నేదు, ఆపిల్ ఊరగాయే!"

జగ్గమ్మ నవ్వలేదు. నా వైపు తిరిగింది. "మచ్చలొచ్చేసినాయి మావా. కుళ్లిపోతాయని కోసీసినాను. ఎండితే ఆవిడొచ్చీదాకా ఉంటాయి కదా. మంచి పనే సేసినానా?"

మోచేతుల దాకా ఉప్పు తెల్లగా అంటుకుని ఉంది. నౌపడలో బిరుటమ్మ అన్న మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది, నోటిదాకా వచ్చింది. కాని అన్నీ కోసేసింది, ఉప్పు పట్టేసింది. ఇప్పుడు చెబితే మళ్లీ విజయనగరం వెళ్లమంటుంది. పొలంలో సగం కోత అలాగే ఉంది, తూర్పున మబ్బు వేస్తోంది.

"మంచిదే" అన్నాను.

మూడెండలకి ముక్కలు తోలు ముక్కల్లా అయ్యాయి. జాడీలో వేసి మూతికి గుడ్డ కట్టింది.

మరో పది రోజులకి బిరుటమ్మ మిషను జీపులో వచ్చింది. తోడుగా ఇంకో నర్సమ్మ ఉంది. మనిషి సగమైంది. సామాను సర్దుకుని సాయంత్రం రైలుకి వెళ్లిపోవాలి, మద్రాసు నుంచి కెనడాకి. "తగ్గీది కాదంట" అని ఆవిడే చెప్పింది, ఎవరి జ్వరం సంగతో చెప్పినట్టు.

జగ్గమ్మ ఏడవలేదు. "కూకోండి. ఎక్కడికీ కదలకండి" అని ఇంటికి పరిగెత్తి జాడీ తెచ్చింది. ముక్కలు వేన్నీళ్లలో నానేసింది. నీళ్లు వంపేసి మళ్లీ వేన్నీళ్లు పోసింది. మెత్తబడ్డాక రోట్లో నూరింది. మైదా, గుడ్లు, పెరుగు, అన్నీ ఏడేళ్లు చూసిన కొలతే. పెనం మీద నెయ్యి వేసి మొదటి అట్టు పోసేసరికి, ఆవిడ వంటింట్లో ఎప్పుడూ రాని వాసన వచ్చింది. బట్టలు మడతపెడుతున్న బిరుటమ్మ చేతిలో చీరతోనే గుమ్మంలోకి వచ్చి, గోడ పట్టుకుని నిలబడింది.

"ఆపిలా?" అంది.

"మీరెల్లి కూకోండమ్మా, తెస్తన్నాను."

ఒకరి కోసమని వండింది వాళ్లకి పెట్టకముందు నోట్లో వేసుకోవడం మా ఇళ్లలో లేదు. ఉప్పు చూసినా ఎంగిలే. జగ్గమ్మ రుచి చూడలేదు. ఒక్క ముక్క చూడవే అందామని నాకు అనిపించింది. అనిపించి ఊరుకున్నాను.

పళ్లెంలో మూడు అట్లు, మీద మీగడ. బిరుటమ్మ ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. రెండుసార్లు నమిలి ఆగిపోయింది. జగ్గమ్మ ఎదురుగా కింద కూర్చుని ఆవిడ నోటి వైపే చూస్తోంది. బిరుటమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. మింగడానికి ప్రయత్నించింది, గొంతు ఎగిసింది గాని దిగలేదు. చివరికి రుమాలు అడ్డం పెట్టుకుని ముక్క తీసేసింది.

"నా వల్ల కాదు జగ్గమ్మా. గొంతు మింగనివ్వదు."

"బాగునేదేటమ్మా?"

"బాగున్నాది" అంది బిరుటమ్మ. "సానా బాగున్నాది."

జగ్గమ్మ మొహం వాడిపోయింది. ఈ ఏడేళ్లలో ఆవిడ అబద్ధం చెప్పగా మేము వినడం అదే మొదలు.

రైలెక్కించి ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. జగ్గమ్మ మిగిలిన అట్లున్న గిన్నె ముందు పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. ఒకటి తుంచి నోట్లో వేసుకుంది.

"మావా, ఉప్పుకసాయం."

నేనూ తిన్నాను. నాలుక మండింది. ఎన్ని నీళ్లు వంపినా పోలేదు.

"ఆళ్ల దేశంలో ఆపిల్ ఎండెయ్యరేటి?" అంది.

"ఎండేస్తారు. దారానికి గుచ్చి పొయ్యి మీద కడతారట. ఉప్పెయ్యరు."

"నీకెవులు సెప్పినారు?"

"ఆవిడే."

"ఎప్పుడు?"

"నౌపడలో. ఇశాపట్నం ఎల్లిన రోజు."

"అయితే నాను ఉప్పేసినప్పటికి నీకు తెలుసు."

తలూపాను.

"మళ్లీ ఇజీనారం ఎల్లొద్దుం కదా మావా. అప్పటికింకా పది రోజులున్నాది."

"కోతలు" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గిన్నెలో అట్లు ఒక్కొక్కటే తీసి, అన్నీ తినేసింది. వద్దని చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుని తింది. తరవాత రెండు చెంబుల నీళ్లు తాగి లోపలికి వెళ్లిపోయింది.

మాఘంలో బిరుటమ్మ పోయిందని ఉత్తరం వచ్చింది. కొత్త నర్సమ్మ వరండాలో చదివి వినిపించింది. జగ్గమ్మ విని, కొంగు దులుపుకుని, చెరిగే బియ్యం చెరగడానికి పోయింది.

కంచం ముందు కూర్చుంటే, ఉప్పు సరిపోయిందా మావా అని అడగనిదే రెండో ముద్ద తిననిచ్చేది కాదు నన్ను. ఆ అట్లు తిన్న సాయంత్రం నుంచి అడగడం మానేసింది. ఉత్తరం వచ్చిన రోజున నేనే, అడక్కుండానే, సరిపోయిందే అన్నాను. జగ్గమ్మ పులుసు వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టి, అవతలికి వెళ్లింది.