భుజాన అసలేహా

మా పాటల్లో ఓ తల్లి పాట ఉంది. ఏనాటి ఓడల్లోనో సముద్రం దాటి వచ్చిన పాట. అందులో సగం మాటలు మాకే తెలియవు. అత్రాతో నది ఒడ్డున చావింట తొమ్మిది రోజులూ పాడేవాళ్ళకు అర్థంతో పనేమిటి, గొంతుంటే చాలదూ అంటారు కొందరు. నాకు ఒళ్ళు మండుతుంది. తెలియని మాట ఎదురైతే దాని ఇరుగుపొరుగు మాటలను అడగమనేది, నాకు పాట నేర్పిన అమ్మమ్మ.

ఆ పాటలో కొడుకు నీళ్ళలో పోతాడు. తల్లి భుజాన 'అసలేహా' వేసుకుని రేవులో నిలబడుతుంది. రేవు, భుజం అనగానే అది తెడ్డేనని తేల్చేశాను. పాడేటప్పుడు తెడ్డు మోసినట్టు చెయ్యి కూడా పెట్టేదాన్ని. మా వదిన పెత్రోనా ఊరుకుంటుందా? ముందు చరణంలో ఆవిడ దాన్ని ఉతికి ఆరేసింది కదా, తెడ్డును ఉతికే ఇల్లాలిని ఎక్కడైనా చూశావా అని పదిమందిలో ఎగతాళి చేసింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నాను.

ఈ వానల్లో పడవ తిరగబడి నా చెల్లెలు నికొలాసా కొడుకు ఎవేలియో పోయాడు. శవం దొరకలేదు. బతికున్నవాడికి చావుపాటలు పాడతారా అని చెల్లెలు గుమ్మంలోనే మమ్మల్ని ఆపేసింది. ఇంట్లో వాడి పేర పీఠం కట్టి, పాడి సాగనంపకపోతే వాడి ప్రాణం దారి తెలియక నదిమీదే తిరుగుతుందని నా భయం.

ఎలాగైనా ఒప్పించాలని ఒక సాయంత్రం రేవుకు వెళ్ళాను. నికొలాసా నీళ్ళకేసి చూస్తూ నిలబడి ఉంది. భుజాన ఉతికిన తువ్వాలు. ఈతకొట్టి వణుకుతూ వచ్చే కొడుకు తల తుడవడానికి వాడి చిన్నప్పటినుంచీ తెచ్చేదే. అసలేహా అంటే తువ్వాలే. ఉతికింది, ఆరేసింది, భుజాన వేసుకుంది. 'పొద్దు కుంకినా అది తడవలేదు' అని తర్వాతి చరణం. ఇన్నేళ్ళూ ఈ నోటితోనే పాడుతున్నాను, ఛీ, నా బతుకు.

ఒప్పించే మాటలు మాని, దాని పక్కన నిలబడి ఆ పాటే మెల్లగా ఎత్తుకున్నాను. ఈసారి చెయ్యి తెడ్డు పట్టలేదు. చెల్లెలు చివరిదాకా విన్నది.

"ఆఖరికి దాన్నేం చేసిందక్కా, ఆ తల్లి?"

"మడతపెట్టిందే. కొడుకు పక్కమీద పెట్టింది."

"అంతేనా?"

"అంతేనే తల్లీ. పాట అక్కడితో అయిపోతుంది."

 చెల్లెలు భుజాన ఉన్న తువ్వాలు తీసి, కొసలు కలిపి మడిచి నా చేతుల్లో పెట్టింది.

"రేపు పీఠం కట్టండి. ఇది దానిమీద పెట్టు."

నా కన్నీళ్ళు పడి తడుస్తుందేమోనని దాన్ని ఒంటికి దూరంగా పట్టుకుని ఇంటికి నడిచాను.