వెనకవైపు

రోస్‌విథా నిలువెత్తు చెక్క తలలు చెక్కుతుంది. వాటికి కళ్ళుండవు, రెండు గుంటలుంటాయి. ఆ గుంటల నిండా యుద్ధపు దుఃఖమే అని బెర్లిన్ విమర్శకులు రాశారు. కాదు, పారిస్ ప్రభావం అని మ్యూనిక్ వాళ్ళు రాశారు. ఒక్కడూ బ్లాక్ ఫారెస్ట్‌లో ఆమె పుట్టిన ఊరికి వచ్చి, ఆమె తండ్రి ఓయ్‌గెన్ కొట్టులోకి తొంగిచూసిన పాపాన పోలేదు. ఫాస్నెట్ పండుగకు వేషగాళ్ళు తగిలించుకునే చెక్క మొహాలు చెక్కేది ఆయనే. ముందు ఎంత అందంగా ఉన్నా, వెనకవైపు పలచగా, నున్నగా తొలవకపోతే పెట్టుకున్నవాడి బుగ్గలు గీసుకుపోతాయి. చిన్నప్పుడే కూతురికి ఆ పని అప్పజెప్పాడు.

ఆమె పేరు దేశమంతా మోగింది. ఆయన మాత్రం ఏనాడూ బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. అడుగుదామంటే ఆమెకు నోరు పెగలదు. తల నెరుస్తున్న ప్రొఫెసరమ్మకు తండ్రి ముందు ఇంకా చిన్నపిల్ల భయమే.

ఆ ఏడు పండుగకు వచ్చి, చౌకులో బెంచీ పక్కన నిలబడి వేడివేడి క్రాప్ఫెన్ బూరె తింటుంటే, ఒంటినిండా గంటలతో ఓ వేషగాడు మీదికొచ్చాడు. ఆ పండుగలో చెక్క మొహం పెట్టుకున్నవాడు కీచుగొంతుతో మేయర్నైనా నువ్వూ నువ్వూ అంటూ దులిపేయొచ్చు. ఎవరో పోల్చుకున్నా బయటపడకూడదు, మర్నాడు ఆ ఊసెత్తకూడదు.

“ఏమే గుడ్డిబొమ్మల దానా, మీ నాన్న సంగతి తెలుసా? చెప్పాపెట్టకుండా రైలెక్కి స్టుట్‌గార్ట్ పోయాడు, నీ బొమ్మ చూడ్డానికి. అందరూ ముందు నిలబడితే, ఈయనగారు వెనక్కి పోయి తొలిచిన డొల్లలో చెయ్యి పెట్టాడు. కాపలావాడు మెడబట్టి గెంటినంత పని చేశాడు.”

మాట్లాడుతూనే వాడు బొటనవేలితో బెంచీ వీపు తడుముతున్నాడు, ఎక్కడైనా పేడు లేచిందేమోనని. పని చేసేటప్పుడు చెక్కను అలా తడిమే వేలు ఆ ఊళ్ళో ఒక్కటే. రోస్‌విథా తింటున్నది బెంచీ మీద పెట్టేసింది.

“ఆయన కనబడితే ఓ మాట అడిగిపెట్టు,” అంది మెల్లగా. “వెనకవైపు ఎలా ఉందో. నాకు అడగాలంటే భయం.”

గంటల చప్పుడు ఆగిపోయింది.

“నున్నగా ఉంది,” అన్నాడు. “అంత బాగా నేనూ తొలవలేనే, తల్లీ.”

కీచుగొంతు పెట్టడం మరిచిపోయాడు, పిచ్చి నాన్న.