ప్రాక్టీసు పేషెంటు

ఫిజియోథెరపీ చదివే రోజుల్లో నా ప్రాక్టీసుకి పేషెంటు మా అమ్మే. మంచం అంచున కూర్చోబెట్టి, "ఎడమవైపు పక్షవాతం, కానియ్" అంటే చాలు, మూతి కూడా వంకర పెట్టి దబ్బున పక్కకి పడేది. "మూతితో పని లేదమ్మా, నడుం నిలుస్తుందో లేదో చూడాలంతే" అన్నా వినేది కాదు. అతి చేయడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా.

ఇప్పుడు అమ్మకి నిజంగానే ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. సాధన చేయించే వార్డుకి పంపాలా, ఇంటికి పంపెయ్యాలా అన్నది పెద్ద డాక్టరు ఈ రోజే తేల్చాలి. తమకేం పోయిందో తెలిసి పెనుగులాడేవాళ్లనే ఆ వార్డులో తీసుకుంటారు. సొంత తల్లిని నేను పరీక్షించకూడదు. కానీ అమ్మ ఎవరి మాటా వినడం లేదని నన్నే పిలిచారు.

పెద్ద డాక్టరు వెనక నిలబడి చూస్తుండగా, అమ్మని పాదాలు నేలకి ఆనించి కూర్చోబెట్టి, నా చేతులు తీసేశాను. వెంటనే ఎడమకి ఒరిగిపోయింది. పట్టుకున్నాను.

"బాగా పడ్డానా?" అంది నవ్వుతూ. "ఈసారైనా ఫస్టు క్లాసు వస్తుందా?"

నాకు ఒళ్లు మండింది. "ఏంటమ్మా ఈ వేళాకోళం?"

"నువ్వేగా పడమన్నావు!"

వేళాకోళం కాదు. మెదడు కుడివైపు దెబ్బతిన్న కొందరు తమకేం కాలేదనే నమ్ముతారు. ఆ పాఠం బట్టీపట్టి మార్కులు కొట్టేసినదాన్నే, అమ్మ మొహంలో దాన్ని వెంటనే గుర్తుపట్టలేకపోయాను. ఇలాగే వదిలేస్తే నవ్వుతూ మంచానికి అంటుకుపోతుంది. చెబితే ఆ నవ్వు పోతుంది.

"పరీక్ష అయిపోయిందమ్మా, పాసయ్యాను. ఇక నటించకు, మామూలుగా కూర్చో."

"హమ్మయ్య" అని మామూలుగా కూర్చోబోయింది. ఒరిగింది. మళ్లీ లేపాను. మళ్లీ ఒరిగింది. కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి వదిలింది. అది ఒళ్లో పడింది.

"ఇది నేను చేయట్లేదే" అంది.

"లేదమ్మా."

"ఇంకొక్కసారి" అన్నారు వెనక నుంచి డాక్టరు.

"వదలకే, పడిపోతాను" అంటూ అమ్మ నా కోటు పట్టుకుంది. నాకోసం ఎన్నిసార్లో సరదాగా పడిన మనిషి. ఆ వేళ్లు విడదీసి, చేతులు తీశాను. అమ్మ ఒరగబోయి, పళ్లు బిగించి, ఒళ్లంతా వణుకుతుంటే కుడివైపుకి తనని తాను లాక్కుంది. కాసేపు నిలిచింది.

"వార్డుకి పంపుదాం" అన్నారు డాక్టరు.

వేళ్లు విడదీసిన నా వంక అమ్మ చూడనైనా లేదు.