పాస్ అన్న ఓటు

ఈ ఫైర్ స్టేషన్ హాల్లో కాఫీ ఎప్పుడూ మాడు వాసనే, ఎవరూ ఏమీ అనరు, మా పార్టీలో చాలా సంగతుల గురించి ఎవరూ ఏమీ అనరు, మా స్టేట్ సెనేటర్ గెరాల్డ్ బ్రానిగన్‌ని కూడా ఇన్నేళ్లు ఏమీ అనలేదు, ఇప్పుడు వృద్ధాశ్రమాల కాంట్రాక్టులో వాటా తిన్నాడని కేసు పడ్డాక, సొంత పార్టీలోనే ఆయన మీద నర్సు ఇవెట్ గాస్కిన్స్ పోటీకి దిగింది, అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో పార్టీ మద్దతు ఎవరికో ఈ సాయంత్రం మా కమిటీ తేల్చాలి, ఇక్కడ రహస్య ఓటు లేదు, పేరు పిలిస్తే లేచి నిలబడి అందరికీ వినబడేలా చెప్పాలి, సెనేటర్ ముందు వరసలోనే కూర్చుని వింటాడు.

హెలెన్ బొరోస్కీ అని పిలిచినప్పుడు నేను లేచి పాస్ అన్నాను, పాస్ అన్నవాళ్లని చివర్లో మళ్లీ పిలుస్తారు, ఈలోగా లెక్క ఎటో తేలిపోతుంది, నా మాటతో పనుండదు, పెద్ద తెలివి చూపించాననుకున్నాను, ఓటు లేకపోయినా వచ్చి పక్కన కూర్చున్న చెల్లెలు పాలెట్ నా మోకాలు గిల్లింది, ఏంటక్కా ఇది, రేపు ఆయన ఆఫీసులో నా ఉద్యోగం ఉంటుందా, బుర్రుందా నీకు, అంది, ఉంది కనకే పాస్ అన్నానే తల్లీ, నోరు మూసుకో, అన్నాను, అవతల ఇవెట్ ఇందాక చూసి మాట్లాడిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఒళ్లో పెట్టుకుంది, మా ఆయన ఫ్రాంక్ పింఛను ఎక్కడో ఇరుక్కుంటే బ్రానిగనే ఒక్క ఫోన్‌తో కదిలించాడు, ఫ్రాంక్ పోయినప్పుడు వచ్చి శవపేటిక ఒక కొస పట్టుకున్నాడు, అదీ నిజమే, ఆ వృద్ధాశ్రమాల్లో ఒకదాంట్లో మా అమ్మ తడిసిన పక్కమీద పడి ఉంటే మార్చే మనిషి లేకపోవడమూ నిజమే, మనుషుల్ని పెట్టుకోవడానికి డబ్బు లేదన్నారు, నేను తలాడించి ఇంటికొచ్చేశాను.

ఛైర్మన్ డొనెలీ గొంతు సవరించుకుని, ఇద్దరికీ సమానంగా వచ్చాయండీ, ఇక మిగిలింది హెలెన్ ఒక్కతే, అన్నాడు, తప్పించుకుందామని పాస్ అంటే మొత్తం తెచ్చి నా నెత్తినే పెట్టారు, వెనకనుంచి ముసలి కోవాల్చిక్, కానీవమ్మా, కాఫీ చల్లారిపోతోంది, అంటే అందరూ నవ్వారు, పాలెట్ నవ్వలేదు, అక్కా, అంది, అంతే, నాకు దానిమీద జాలేసింది, నేను లేచాను, అప్పుడే బ్రానిగన్ కూడా లేచాడు, కోటు గుండీ పెట్టుకుని, కళ్లజోడు తగిలించుకుని, ధన్యవాదాల కాగితం మడత విప్పుతున్నాడు, నావైపు చూడను కూడా లేదు, నేనింకా నోరు తెరవలేదు.

కోపం రాలేదు, చిన్నతనంగా అనిపించింది, ఇన్నేళ్లలో ఈయన నన్ను ఒక్కసారి కూడా ఓటు అడగలేదు, నేనది మర్యాద అనుకుంటూ వచ్చాను, తన జేబులో ఉన్నదాన్ని ఎవరూ అడిగి తీసుకోరని ఇప్పటికి తెలిసింది, ఇవెట్ గాస్కిన్స్, అన్నాను, వినబడలేదేమోనని మళ్లీ అన్నాను.