ఉత్తుత్తి ఆవిరి

నీటి ఆవిరి జాడ దొరికిన రోజున మా గదిలో ఎవరూ గంతులు వేయలేదు. అందరూ నా వైపు అనుమానంగా చూశారు. నేను కూడా నా కంప్యూటర్ వైపు అలాగే చూశాను.

ఎందుకో తెలియాలంటే మా పద్ధతి చెప్పాలి. ఎక్కడో దూరాన ఒక నక్షత్రం, దాని చుట్టూ తిరిగే ఒక గ్రహం. గ్రహం నక్షత్రానికి అడ్డంగా వచ్చినప్పుడు ఆ వెలుగులో రవ్వంత గ్రహం గాలిలోంచి దూరి మన దాకా వస్తుంది. ఆ గాలిలో ఏ వాయువు ఉంటే అది తన వంతు రంగుల్ని మింగేస్తుంది. ఏ రంగు తగ్గిందో చూసి అక్కడ ఏముందో చెప్పడం మా పని. ఆ తగ్గేది ఎంత కొంచెమంటే, ఉందంటే ఉంటుంది, లేదంటే లేదు. ఆశపడ్డ కళ్లకు ఏదైనా కనిపిస్తుంది. అందుకే మా పెద్దావిడ అప్పుడప్పుడూ ఎవరికీ చెప్పకుండా డేటాలో ఒక దొంగ జాడ కలిపేస్తుంది. లెక్కలన్నీ తేలాక అందరి ముందూ "అది నేను పెట్టిందే" అనో, "నేనేం పెట్టలేదు" అనో చెబుతుంది. అంతదాకా దొరికింది నిజమో కాదో మాకు తెలియదు. తెలియనప్పుడే ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తామని ఆమె నమ్మకం. దొంగ జాడని మేం ఉత్తుత్తి ఆవిరి అంటాం.

ఆ పెద్దావిడ మా పిన్ని. ఆఫీసులో పిన్నీ అంటే పలకదు. చుట్టరికం వల్ల నాకు ఒరిగిందేమీ లేదు. అందరికీ ఒక తిట్టయితే నాకు రెండు.

ఇదివరకు, ఏం కలిపిందో ఆ వివరం తాళం వేసిన డిస్కులో ఉండేది. పోయినసారి ఎవరో మహానుభావుడు దాన్ని తెరిచి చూసి, ఏమీ ఎరగనట్టు నటించి దొరికిపోయాడు. పిన్నికి ఒళ్లు మండింది. "ఈసారి నా బుర్రలోనే ఉంటుంది. ఎలా తెరుస్తారో చూస్తాను" అంది. పోల్చి చూసుకోవడానికి కలపకముందున్న డేటా నకలు కూడా ఉంచలేదు. ప్రతిదానికీ చూద్దాం చూద్దాం అనే మా డైరెక్టర్, మేం పెట్టుకున్న పేరు చూద్దాంగారు, దీనికీ చూద్దాం అనేసి ఊరుకున్నాడు.

లెక్కలు తేలేలోపే పిన్ని మెదడులో రక్తం గడ్డకట్టింది. ప్రాణం దక్కింది, మాటా వచ్చింది. కానీ ఈ మధ్య జరిగినవన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

ఆవిరి నిజమైతే నా పేరు మీద వచ్చే మొదటి పెద్ద ఫలితం అది. ప్రాజెక్టూ నిలబడుతుంది. పిన్ని పెట్టిందైతే అందరం మూటాముల్లె సర్దుకోవడమే. మళ్లీ కొలుద్దామా అంటే, ఆ గ్రహం తిరిగి నక్షత్రం ముందుకు వచ్చేసరికి మేం ఎవరం ఎక్కడ ఉంటామో. గదిలో కొందరు అప్పుడే ఆ గ్రహానికి సముద్రాలు కూడా తవ్వేశారు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

"మీ పిన్నేగా, వెళ్లి అడుగమ్మా" అన్నాడు చూద్దాంగారు. "పెట్టలేదని ఖాయంగా చెబితే ప్రకటించేద్దాం. గుర్తులేదంటే మాత్రం వదిలేయాల్సిందే."

బాబాయి తలుపు తీశాడు. "పొద్దుట్నుంచి బాగానే ఉందిలే. నన్ను మాత్రం ప్లంబర్ననుకుంటోంది. వంటింట్లో కుళాయి చూసి పొమ్మంటోంది" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పిన్ని నన్ను వెంటనే గుర్తుపట్టింది. గ్రాఫు ఒళ్లో పెట్టాను. గీత వెంట వేలు పోనిచ్చి, అది కిందికి దిగిన చోట ఆపింది.

"ఇదేంటే, ఆవిరా? నిజంగా దొరికిందా?" ముఖం వెలిగిపోయింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. తను పెట్టిందైతే ఇంత సంబరపడుతుందా? అంతలోనే నీరుగారిపోయాను. పెట్టిన సంగతే మరిచిపోతే సంబరపడదా మరి?

"నువ్వు పెట్టావా పిన్నీ?"

"పెట్టే ఉంటాను. ఎప్పుడూ పెడతాగా." గ్రాఫు మళ్లీ దగ్గరగా పెట్టుకుని చూసింది. "లేదే, ఈసారి పెడదామనుకుని మానేశాను. అది పోయినసారా?"

"ఏదో ఒకటి చెప్పు పిన్నీ!"

"పెట్టానంటే ఏమవుతుంది?"

"ముందు గుర్తు తెచ్చుకో!" అని అరిచాను. ఆమె మీద గొంతు లేపడం అదే మొదలు. బాబాయి వంటింట్లోంచి తొంగి చూశాడు. నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది, అయినా కోపం తగ్గలేదు. అది ఎవరి మీదో కూడా తెలియదు.

"ఇది పోతే నీ ఉద్యోగం ఉంటుందా?" అని మెల్లగా అడిగింది.

"ఉండదు."

పిన్ని నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత గ్రాఫు మడిచి నా చేతిలో పెట్టింది. "నేను పెట్టలేదమ్మా. ఇప్పుడు బాగా గుర్తొచ్చింది. ఇది నీదే. వెళ్లి చెప్పు."

గొంతులో తొట్రుపాటు లేదు. అచ్చం పాత పిన్నే. అయితే పాత పిన్ని పని మాటల మధ్య నన్ను ఒక్కనాడూ అమ్మా అనలేదు.

బస్సులో దిగాల్సిన చోటు దాటిపోయి వెనక్కి నడిచాను. గుర్తొచ్చే చెప్పిందా? నా మీద ప్రేమ కొద్దీ చెప్పిందా? పని విషయంలో అబద్ధమాడని మనిషి కదా అనుకుంటే, నన్ను చూసిన ఆ చూపు అడ్డొచ్చేది. ప్రేమేలే అనుకుంటే, తడబడని ఆ గొంతు. అసలు ఆ తేడా ఆమెకైనా తెలుసో లేదో.

"ఏమన్నారు?" చూద్దాంగారు అడిగాడు. అందరూ లేచి నిలబడే ఉన్నారు.

ఆమె అన్నది అన్నట్టు చెబితే చాలు. చెప్పడానికే నోరు తెరిచాను.

"గుర్తులేదన్నారు" అన్నాను.

సాయంత్రం బాబాయి ఫోన్ చేసి, మీ పిన్ని ఒకటే గొడవ, మాట్లాడు అని ఆమెకిచ్చాడు.

"చెప్పావుటే?" అంది పిన్ని. "నేను పెట్టలేదంటే నమ్మారుగా?"

"నమ్మారు పిన్నీ, అందరూ నమ్మారు" అన్నాను.

నమ్మనిది నేనొక్కదాన్నే.