నాలుగు సాళ్ల తడి

జనార్ధన్‌కు అనుమానం పుట్టింది సృజన గుత్తులు తెంపించి నేలపాలు చేసిన రోజున. పందిరి కింద పచ్చి ద్రాక్ష గుత్తులు బుట్టలకు బుట్టలు రాలి పడుతుంటే ఆయన వంగి ఒక గుత్తిని చేతిలోకి తీసుకున్నాడు.

"కాసిన కాయను కోసి పారేసుడేంది బిడ్డా? మతి గిట్ల పోయిందా?"

"సగం గుత్తులే ఉంచితే రుచంతా ఆ సగానికే దిగుతది అంకుల్," అంది సృజన, కత్తెర ఆపకుండానే.

ముప్పై అయిదేళ్లుగా ద్రాక్ష పండిస్తున్న మనిషికి ఆ మాట ఎలా ఎక్కుతుంది? ఆయనకు తెలిసింది తినే ద్రాక్ష. కాయ బొద్దుగా ఉండాలి, గుత్తి బరువుగా వేలాడాలి, కోతకు ముందు దండిగా తడి పెట్టాలి. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఎటు చూసినా అనాబ్‌షాహి ద్రాక్ష పందిళ్లే ఉన్న రోజుల్లో బాపు నేర్పిన పద్ధతి అది. ఇప్పుడా పందిళ్లు లేవు, వాటి చోట వెంచర్ల కమాన్లు లేచాయి. రావల్కోల్‌లో జనార్ధన్ రెండెకరాలు మాత్రం, ఆయన లాగే, మొండిగా మిగిలాయి.

సృజన పట్నంలో, సుచిత్ర చౌరస్తా దగ్గర పుట్టి పెరిగిన పిల్ల. నాసిక్‌లో వైన్ తయారీ నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, రావల్కోల్ ఊరి చివర షెడ్డు వేసుకుంది. ఏడాదికి నాలుగు వందల సీసాల వైట్ వైన్ చేస్తుంది, అంతే. నిన్నమొన్నటి దాకా శామీర్‌పేట దగ్గర ఒక తోట కాయతో చేసేది. ఆ తోట ప్లాట్లయిపోయాక జనార్ధన్‌ను వెతుక్కుంటూ వచ్చింది. ఈ ఎర్ర చెల్క నేల రుచి ఇంకెక్కడా దొరకదని, సీసా మీద రావల్కోల్ పేరే వేస్తానని చెప్పింది. ఆయన ఉబ్బిపోయి మాటిచ్చేశాడు. ఆ మాటలో ఏమేం ఇరికి ఉన్నాయో తరవాత గానీ తెలిసిరాలేదు.

కోతకు ఇరవై రోజులుందనగా అసలు బాంబు పేల్చింది. "ఇగ నీళ్లు బంద్ పెట్టాలె అంకుల్. ఒక్క చుక్క కూడ వద్దు."

నాలుగు రోజులకే ఆకులు వాడిపోయాయి. అయిదో రోజు ఆయన సుచిత్ర చౌరస్తాలో బస్సు దిగి, హోటల్ ముందు ఏం చూశాడు? సృజన, మహేందర్ ఎదురెదురుగా కూర్చుని చాయ్ తాగుతున్నారు. మహేందర్ అంటే మూడేళ్లుగా ఈ రెండెకరాల కోసం ఇంటి చుట్టూ తిరుగుతున్న రియల్ ఎస్టేట్ ఆసామి.

అంతే, లెక్క తేలిపోయింది. గుత్తులు కోయించింది, నీళ్లు ఆపించింది, ఇక తోట ఎండుతుంది. ఎండిన తోట పెట్టుకుని ముసలోడు ఏం చేస్తాడు? మహేందర్‌కు సంతకం పెడతాడు. ఇంత చదువుకున్న పిల్ల ఊరికే మట్టి రుచి గురించి మాట్లాడుతుందా! జనార్ధన్‌కు భయమేసింది, కోపమొచ్చింది. ఎవరికీ చెప్పుకోలేక ఆ రెండూ మింగి ఊరుకున్నాడు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం కూలోళ్లు సద్ది విప్పుకునే వేళ మోటారు గదికి వెళ్లడం మొదలుపెట్టాడు. బోరు పక్కనున్న నాలుగు సాళ్లకు వాల్వు తిప్పేవాడు. అరగంట తడిపి మళ్లీ కట్టేసేవాడు. తన తోటకు తనే దొంగలా నీళ్లు పెట్టుకోవడం సిగ్గుగానే ఉండేది కానీ, ఆ నాలుగు సాళ్లు కళకళలాడుతుంటే ప్రాణం లేచి వచ్చేది. కనీసం ఇవయినా బతుకుతాయి అనుకునేవాడు.

కోత రోజున తెల్లారగానే సృజన దిగింది. ఆమె దగ్గర దుర్భిణి లాంటి చిన్న గొట్టం ఉంది. దాని మీద రసం బొట్టు వేసి వెలుతురుకు పెడితే తీపి ఎంతుందో అంకె కనబడుతుంది. దూరపు సాళ్లలో చూసినప్పుడల్లా ఆమె మొహం వెలిగింది. ఒక కాయ జనార్ధన్ నోట్లో పెట్టింది. చిన్న కాయ, ఎండకు పసుపు తిరిగింది. కొరికితే ఇంత తీపి, వెనకే చురుక్కుమనే పులుపు. ముప్పై అయిదేళ్లలో తన తోట కాయ ఇలా ఉంటుందని ఆయనకు తెలియదు. ఆయన చూపు బోరు పక్క సాళ్ల మీదికి పోయింది.

బోరు పక్కకు వచ్చాక సృజన గొట్టం రెండు సార్లు తుడిచింది, మళ్లీ చూసింది. కాయ కొరికి ఉమ్మేసింది.

"ఎవరో నీళ్లిడిసిండ్రు, రసం పలచబడ్డది. ఈ నాలుగు సాళ్లు వైన్‌కు పనికిరావు. నూరు సీసాలు పోయినయ్," అంది. "మోటారు రూము తాళంచెవి ఎవరి దగ్గరుంటది?"

తాళంచెవులు రెండే. ఒకటి జనార్ధన్ జేబులో ఉంటుంది, రెండోది పదిహేనేళ్లుగా తోట చూస్తున్న శంకరమ్మ దగ్గర. సృజన చూపు శంకరమ్మ వైపు తిరిగింది. పెద్దమనిషి జనార్ధన్ పందిరి గుంజను పట్టుకుని, ఎన్నడూ చూడనట్టు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"నేనే ఇడిసిన బిడ్డా," అంది శంకరమ్మ.

"చెప్పిన కదా శంకరమ్మా! నిన్ను నమ్మి కదా..."

"చెట్లు ఎండుతున్నయని పానం ఆగలే. తప్పయింది. రేపటి సంది రాకుమంటే రాను."

ఆమె ఆయన వైపు చూడను కూడా లేదు. చూసి ఉంటే ఇంకో నిమిషం ఓర్చుకునేవాడేమో.

"ఆమె కాదు, నేను," అన్నాడు జనార్ధన్. "రోజూ పగటీలి నేనే తిప్పిన. నువ్వు మహేందర్‌తోని చాయ్ తాగంగ చూసిన. ఇద్దరు కలిసి నా తోట ఎండబెడుతుండ్రనుకున్న."

సృజన చేతిలోని గొట్టం కిందికి దించింది. "ఆయనే పిలిచిండు అంకుల్. షెడ్డు ఖాళీ చేస్తే శామీర్‌పేట వెంచర్ల జాగ ఇస్తనన్నడు. రావల్కోల్ పేరు సీసా మీద ఎక్కితే మీరు ఈ తోట అమ్మరట. నేను రానన్న. మీరు ఒక్క మాట అడిగుంటే అయిపోతుండె కదా."

జనార్ధన్ శంకరమ్మ వైపు తిరిగాడు. "నువ్వెందుకు నెత్తినేసుకున్నవే?"

"రోజూ చూస్తనే ఉన్న పటేలా. నువ్వు మాట తప్పినవంటే గీ పిల్ల పోతది. పిల్ల పోతే తోట మహేందర్ పాలయితది. నేను పోతే ఇంకో కూలామె వస్తది."

జనార్ధన్ జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "వచ్చే ఏడు కోతల ముందర నేను అడిగినా ఇయ్యకు."

"ఇయ్య."

దూరపు సాళ్ల కోతకు సృజన బుట్టలు అందుకుంది. జనార్ధన్ కూడా ఒక బుట్ట పట్టుకుని నాలుగడుగులు వేశాడో లేదో, ఆ తాళంచెవి ఎక్కడయినా పారేసుకుంటుందేమోనని వెనక్కి తిరిగి చూశాడు. శంకరమ్మ అప్పటికే దాన్ని కొంగున కట్టి, రెండో ముడి వేస్తూ, ఆయన తిరిగి చూస్తాడని తెలిసినట్టు ఆయన వైపే చూస్తోంది.